ముసుగులో వర్గ సమీకరణం

వర్గ సమీకరణమనగానే మన విద్యార్థులు టక్కున సూత్రం ఒప్పజెబుతారు. అయినా పరీక్షలో మార్కులు పోతూనే ఉంటాయి. ఇచ్చిన లెక్కలో వర్గ సమీకరణం దాగి ఉందని పోల్చుకోలేక కొన్ని, వచ్చిన జవాబును సరిచూడక మరికొన్ని పోతాయి. ఈ రెండింటికీ మన పాత లెక్క ఒకటి చక్కని ఉదాహరణ.

క్రీ.శ. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. దానిని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో గణితం కుదరదనేవారికి అదే జవాబు.

మహావీరాచార్యుని ఒంటెల లెక్క ఇది. మందలో నాలుగోవంతు అడవిలో కనబడింది. మంద సంఖ్యకు వర్గమూలమెంతో దానికి రెట్టింపు ఒంటెలు కొండవాలుకు పోయాయి. మిగిలిన 15 ఏటి ఒడ్డున ఉన్నాయి. మొత్తం ఎన్ని? తిరువూరు వాళ్లకు ఒంటెలు కొత్తయితే మామిడికాయలనుకోండి, లెక్క మారదు!

తెలియని రాశిని మన పూర్వులు 'యావత్తావత్' అనేవారు. కాబట్టి మంద సంఖ్యను 'య' అందాం.

య/4 + 2√య + 15 = య

చూడ్డానికి ఇది వర్గ సమీకరణంలా లేదు. కానీ √య = వ అనుకుంటే, య = వ² అవుతుంది. నాలుగుతో గుణించి సర్దితే ముసుగు తొలగిపోతుంది:

3వ² − 8వ − 60 = 0

దీన్ని శ్రీధరాచార్యుని పద్ధతిలో సాధిద్దాం. 60ని కుడివైపుకు పంపి, వ² గుణకానికి నాలుగు రెట్లయిన 12తో అంతటినీ గుణించాలి. తర్వాత మధ్యపదపు గుణకం 8 యొక్క వర్గం, 64, రెండువైపులా కలపాలి.

36వ² − 96వ + 64 = 720 + 64
(6వ − 8)² = 784
6వ − 8 = ±28

వ = 6 లేదా −10/3. అంకెల బదులు అక్షరాలు పెట్టి ఇదే పని చేస్తే, మనం బట్టీపట్టే సూత్రం వచ్చేస్తుంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. √య అంటే ధన వర్గమూలమే గనుక −10/3 చెల్లదు. వ = 6, య = 36. సరిచూస్తే 9 + 12 + 15 = 36. √యను ఒకవైపుంచి ఇరువైపులా వర్గం చేసినవారికి 36తో పాటు 100/9 కూడా వస్తుంది. అది వర్గం చేయడం వల్ల చొరబడిన మూలం. మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే నిలవదు. పైగా ఒంటెల్లో భిన్నాలెక్కడివి?

అలాగని రెండో మూలాన్ని ప్రతిసారీ కొట్టేయకూడదు.

య⁴ − 13య² + 36 = 0

ఇందులో య² = వ అనుకుంటే వ = 4 లేదా 9. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అడిగింది 'వ' కాదు, 'య' కదా! య = ±2, ±3. నాలుగూ చెల్లుతాయి.

కనుక మిత్రులారా, ముసుగు వేసిన మనమే దాన్ని తీయాలి. వచ్చిన ప్రతి మూలాన్నీ మొదటి సమీకరణం ముందు నిలబెట్టాలి. ఏది ఉండాలో, ఏది పోవాలో అదే తేలుస్తుంది.