బూటు పట్టీ పట్టుకుని పైకి లేవగలమా?

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచుగా వినిపించే ఇంగ్లీషు జాతీయం ఒకటుంది: "పుల్ యువర్‌సెల్ఫ్ అప్ బై యువర్ బూట్‌స్ట్రాప్స్". ఎవరి సాయమూ లేకుండా స్వశక్తితో పైకి రావాలని దాని అర్థం. మనకు హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు ఎందుకని అడిగేవారు కూడా ఈ మాటే వాడుతుంటారు. మేమూ విన్నాము. కాబట్టి తమ్ముళ్ళు దీని పుట్టుక తెలుసుకోవడం మంచిది.

బూట్‌స్ట్రాప్ అంటే లేసు కాదు. పిక్కల దాకా వచ్చే బూటుకు పై అంచున ఉండే చిన్న పట్టీ. దాన్ని పట్టి లాగితే బూటులోకి కాలు దిగుతుంది, అంతే.

ఈ మాట అమెరికాలో ఎగతాళిగా మొదలైంది. శాశ్వత చలన యంత్రం కనిపెట్టానని ఒకాయన ప్రకటిస్తే, ఇక ఆయన తన బూటు పట్టీలు పట్టుకుని కంబర్లాండ్ నదినే దాటేస్తాడని 1834లో ఒక పత్రిక వెక్కిరించింది. 1888లో వెలువడిన స్టీల్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలో, మనిషి బూటు పట్టీలు లాగి తనను తాను ఎందుకు పైకెత్తుకోలేడన్నది ఒక ప్రశ్న. జవాబు న్యూటన్ మూడో సూత్రంలో ఉంది. మనం పట్టీని ఎంత బలంతో పైకి లాగితే, అది మన చేతుల్ని అంతే బలంతో కిందికి లాగుతుంది. లేవాలంటే బయటి బలం కావాలి. నమ్మకం లేనివారు బకెట్లో నిలబడి దాని పిడి పట్టి లాగి చూడవచ్చు. పిడి ఊడితే వార్డెన్‌గారికి మేము జవాబుదారులం కాము!

20వ శతాబ్దం వచ్చేసరికి అర్థం తిరగబడింది. 1922 నాటి 'యులిసిస్' నవలలో జేమ్స్ జాయిస్ అట్టడుగు నుంచి పైకి వచ్చినవారి గురించి ఈ పోలిక వాడాడు. అసాధ్యానికి ఉదాహరణగా పుట్టిన మాట చివరికి పేదవాడికి చెప్పే సలహా అయింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. కష్టపడ్డాము, నిజమే. అమ్మ కూలి డబ్బులు, ఈ హాస్టలు అన్నం, సీనియర్లు ఇచ్చిన పాత పుస్తకాలు తీసేస్తే ఆ పట్టా ఉండేది కాదు.

కంప్యూటర్ 'బూట్' అవుతోంది అంటాం కదా, ఆ మాట కూడా ఈ బూట్‌స్ట్రాప్ నుంచి వచ్చిందే. కంప్యూటర్ నడవాలంటే మెమరీలో ప్రోగ్రాము ఉండాలి, దాన్ని మెమరీలోకి తేవడానికి మళ్ళీ ఒక ప్రోగ్రామే కావాలి. 1950లలో ఇంజినీర్లు ఈ చిక్కు విప్పే పద్ధతికి ఆ పేరు పెట్టారు. ఇప్పుడైతే ఆ మొదటి చిన్న ప్రోగ్రామును తయారుచేసేవాళ్ళే చిప్‌లో పెట్టి పంపుతారు. 1960ల నాటి చాలా యంత్రాలకు మాత్రం ఒక మనిషి ఎదురుగా నిలబడి, స్విచ్చులు ఒక్కొక్కటే వేస్తూ ఆ మొదటి ఆజ్ఞలు ఎక్కించవలసి వచ్చేది.