మీకు తెలుసా? పాము కొండ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు!

కర్ణాటకలోని పావగడ పేరుకు మూలం ‘పాము కొండ’ అనే తెలుగు మాటేనంటారు. కోట కట్టేటప్పుడు పాము బొమ్మ ఉన్న రాయి దొరికిందట. సరిహద్దు దాటి లేపాక్షికి వస్తే రాళ్ల మీద రామాయణమే: జటాయువు పడిన చోటు, నీరు ఇంకని సీతమ్మ పాదం. ఈ కథలు లేకపోతే ఆ గుట్టలను ఇంత ప్రేమగా చూసేవాళ్లమా?

భూగర్భ శాస్త్రం చెప్పే కథ కూడా చిన్నదేం కాదు. పావగడ కొండది క్లోజ్‌పేట గ్రానైట్. రామనగర పాత పేరే క్లోజ్‌పేట. అక్కడి నుంచి ఉత్తరానికి వందల కిలోమీటర్లు సాగిన రాతి పట్టీ ఇది. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట నేల లోతుల్లో కరిగిన రాయి మెల్లమెల్లగా చల్లారింది. అందుకే ఈ రాతిలో చాలాచోట్ల బొటనవేలంత గులాబీ రంగు ఫెల్‌స్పార్ స్ఫటికాలు కనిపిస్తాయి. పైనున్న రాయీ మట్టీ కొట్టుకుపోయి బరువు తగ్గాక కొండ ఉల్లిపొరల్లా విచ్చుకుంది. పగుళ్లలో దిగిన నీరు మూలలు అరగదీస్తే గుండ్లు మిగిలాయి.

మరి కొండ మీది నీటి దొనలు? చిన్న గుంటలో వాన నీరు నిలిస్తే ఫెల్‌స్పార్ బంకమన్నుగా మారి కొట్టుకుపోతుంది. గుంట లోతవుతుంది. మరుసటి వానకు ఇంకాస్త నీరు పడుతుంది.