స్పిరిట్ సీసాలో నీళ్లెందుకు?

మందుల దుకాణంలో మీ ముందు రెండు స్పిరిట్ సీసాలు పెట్టారనుకుందాం. ఒకదాని మీద 70 శాతం, ఇంకోదాని మీద 99 శాతం అని రాసి ఉంది. ధరలో పెద్ద తేడా లేకపోతే చాలామంది చెయ్యి రెండోదాని మీదకే వెళుతుంది. ఘాటు ఎంత ఉంటే పని అంత జరుగుతుందని మన నమ్మకం. సూక్ష్మజీవులను చంపే విషయంలో మాత్రం 70 శాతానిదే పైచేయి.

మహారాష్ట్రలోని భివండి పద్మానగర్‌లోనూ చుట్టుపక్కల బస్తీల్లోనూ నల్లగొండ, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలున్నాయి. సాంచాల (మరమగ్గాల) దగ్గర వేలు తెగడం, నాడె ఎగిరి తగలడం వాళ్లకు కొత్త కాదు. అందుకే ఈ సీసా గురించి కొన్ని అంకెలు వాళ్లకు తెలిసి ఉండాలి.

స్పిరిట్ పేరుతో దొరికేవి అన్నీ ఒకటే కావు. కొన్నింటిలో ఇథైల్ ఆల్కహాల్, కొన్నింటిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది. ఈ రెండోది పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీన్‌తో తయారవుతుంది. అమెరికాలో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1920లో దీన్ని వ్యాపార స్థాయిలో మొదలుపెట్టింది. భివండికి దక్షిణాన తలోజాలో దీపక్ ఫర్టిలైజర్స్ 2006 నుంచి తయారుచేస్తోంది.

ఆల్కహాల్ సూక్ష్మజీవుల్లోని ప్రొటీన్ల రూపాన్ని చెడగొట్టి వాటిని చంపుతుంది. పక్కన నీరుంటే ఆ పని వేగంగా జరుగుతుంది. నీరు లేని ఆల్కహాల్ తేమను లాగేస్తుంది, పని పూర్తికాకముందే ఆవిరైపోతుంది. 60 నుంచి 90 శాతం మధ్య బలం బాగుంటుంది, 50 కంటే తగ్గితే ఒక్కసారిగా పడిపోతుంది. ఇంట్లో 99 శాతం సీసా ఉంటే 70 మిల్లీలీటర్లకు కాచి చల్లార్చిన నీళ్లు 30 మిల్లీలీటర్లు కలపండి, చాలు.

శాతం తరువాత చూడాల్సింది సమయం. సూది వేసేముందు చర్మాన్ని 60 నుంచి 70 శాతం ఆల్కహాల్‌తో 30 సెకన్లు తుడిచి, ఇంకో 30 సెకన్లు ఆరనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. ఒక్క రుద్దు రుద్ది వెంటనే గుచ్చితే ఆ తుడుపు వల్ల దక్కేది తక్కువ. దూదిని ముందే స్పిరిట్‌లో నానబెట్టి డబ్బాలో నిల్వ ఉంచవద్దని కూడా ఆ సంస్థే చెప్పింది, ఎందుకంటే ఆ డబ్బాలోనే సూక్ష్మజీవులు చేరతాయి. చిన్న క్లినిక్‌లో అలాంటి డబ్బా కనిపిస్తే కొత్త దూది అడగడానికి మొహమాటపడకండి.

ఎంత తుడిచినా చావనివి కూడా ఉన్నాయి. ఆంత్రాక్స్ బీజాల మీద ఆల్కహాల్ పనిచేయదని రాబర్ట్ కోచ్ 1881లోనే చూపించారు. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి కూడా అలాంటి బీజాల రూపంలోనే మట్టిలో, మురికిలో ఉంటుంది. ఇనుప ముక్క గీసుకుపోయిన వేలి మీద స్పిరిట్ పోసి మంట పుడితే "మందు పట్టింది" అనుకోవడం ప్రమాదం. ఆ మంట దెబ్బతిన్న కణజాలానిది. గాయాన్ని సబ్బుతో, ధారగా పోసిన శుభ్రమైన నీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగాలి.

బట్టతోనూ ఐసోప్రొపైల్‌కు పని ఉంది. గుడ్డ నీటిని ఎంతవరకు నిలువరిస్తుందో చూసే అమెరికన్ పరీక్ష ఒకటుంది. 2 శాతం నుంచి 60 శాతం దాకా ఐసోప్రొపైల్ కలిపిన నీటి చుక్కలను వరసగా వేసి, ఏ చుక్క దగ్గర గుడ్డ తడిసిందో చూసి 8 దాకా గ్రేడు ఇస్తారు. ఇదే ద్రవం ఎన్-95 మాస్కు లోపలి పొరలో ఉండే విద్యుదావేశాన్ని పోగొడుతుంది, దాంతో వడపోసే శక్తి తగ్గుతుంది. మాస్కును స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడితే జరిగేది ఇదే.

జ్వరం వచ్చిన పసిపిల్లల ఒంటిని స్పిరిట్‌తో తుడవకూడదు. అలా తుడవడంతో పిల్లలు స్పృహ తప్పిన సంగతి 1953లోనే వైద్య పత్రికకెక్కింది. ద్రవం చర్మం గుండా, ఆవిరి ఊపిరి గుండా లోపలికి చేరుతాయి, కాలేయం ఐసోప్రొపైల్‌ను అసిటోన్‌గా మారుస్తుంది. తడిగుడ్డకు గోరువెచ్చని నీళ్లే చాలు. ఇక తాగడం సంగతి. 2020 జూలై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడి ఉండగా శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఐసోప్రొపైల్ తాగే మద్యం కన్నా మెదడును ఎక్కువగా మొద్దుబారుస్తుంది. మిథైల్ ఆల్కహాల్ కలిసి ఉంటే చూపు, ప్రాణం రెండూ పోవచ్చు.

భివండి విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది మంటకే. శుద్ధ ఐసోప్రొపైల్ 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగల ఆవిరిని వదులుతుంది. 70 శాతానిది కూడా 20 డిగ్రీల దాపుల్లోనే. కార్ఖానాలో వేడి ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకన్నా పైనే ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా రెండింతలు బరువు కాబట్టి నేలబారుగా పాకుతుంది, నేల మీద నూలు దుమ్ము పరుచుకునే ఉంటుంది. పాలిస్టర్ నూలు పుట్టించే స్థిర విద్యుత్తు రవ్వ కూడా దాన్ని అంటించడానికి చాలు.

లెక్క వేసి చూద్దాం. ఒక లీటరు శుద్ధ ఐసోప్రొపైల్ పూర్తిగా ఆవిరైతే మామూలు గది వేడిలో సుమారు 320 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో ఆ ఆవిరి 2 శాతం చేరితే అంటుకుంటుంది. అంటే 16 ఘనమీటర్ల గాలి ప్రమాదంలో పడ్డట్టే. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న గదిలో ఉండే గాలి అంతే. కార్మికులు నలుగురైదుగురు కలిసి పడుకునే గదులు చాలావరకు అంతకు పెద్దవేమీ కావు. అదే గదిలో 100 మిల్లీలీటర్ల సీసా ఒలికి ఆరిపోతే సగటున 0.2 శాతమే అవుతుంది, నేలకు దగ్గరగా మాత్రం ఇంకా ఎక్కువ. అది అంటుకునేంత కాకపోయినా, పనిచేసే చోట ఎనిమిది గంటలకు అమెరికా ఒప్పుకునే 400 పీపీఎం (0.04 శాతం) పరిమితికి దాదాపు ఐదు రెట్లు. కాబట్టి ఇంటికి పెద్ద క్యాన్ తేవద్దు, 100 మిల్లీలీటర్ల సీసా తెచ్చుకోండి. మూత బిగించి, స్టవ్‌కూ దేవుడి దీపానికీ దూరంగా, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. ఒలికితే ముందు మంట ఆర్పండి, తలుపులు తీయండి, ఆవిరి పోయేదాకా లైటు స్విచ్చి ముట్టుకోకండి.