మబ్బూ – ముంతా

“మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టు” అని మనలో ఒక సామెత వుంది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఏటా ఏదో ఒక సందర్భంలో ఈ సామెతకు అర్థం చెప్పి, ఆ తెలివితక్కువవాడు మరెవడో అయినట్టు పిల్లల్ని నవ్విస్తూ వుండేవాణ్ణి. 2024 వేసవిలో ఆ తెలివితక్కువవాణ్ణి నేనేనని తేలింది. నన్ను మోసం చేసిన మబ్బు కూడా మామూలు మబ్బు కాదు. కంప్యూటర్ల వాళ్ళు క్లౌడ్ అంటున్నారే, ఆ మబ్బు.

మా అమ్మకు పాటలు చాలా వచ్చు. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు – అన్నీ కలిపి సుమారు నూట ఇరవై. పుస్తకం చూసి నేర్చినవి కావు. వాళ్ళ అమ్మమ్మ నోట విని పట్టినవి. 2012 నుంచి ఆరేళ్ళపాటు, సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆమెను కూర్చోబెట్టి పాడించి ఫోనులో పట్టేవాణ్ణి. “బొంగురు గొంతురా, దీన్నేం దాస్తావు?” అనేది. 2019లో ఆమె పోయింది. పాటలు నా కంప్యూటరులో మిగిలాయి.

ఆ తరువాత కొత్త కంప్యూటరు కొన్నాను. మొదటిరోజున అది ఏవేవో ప్రశ్నలడిగింది. పెళ్ళిపీటల మీద పురోహితుడు చెప్పమన్న మంత్రమల్లా చెప్పినట్టు, అడిగినదానికల్లా “సరే” అని నొక్కుతూ పోయాను. ఆ సరేల్లో ఒకటి, నా ఫైళ్ళన్నిటినీ ఒక కంపెనీవారి క్లౌడ్‌తో జతపరచడానికి. ఆ కంపెనీ పేరు మనకెందుకు లెండి. వారు అడిగారు, నేను సరే అన్నాను.

కొన్నాళ్ళకు కంప్యూటరు నిండిపోయింది, చోటు లేదని మొర పెట్టడం మొదలెట్టింది. ఫోనులో క్లౌడ్ తెరిచి చూద్దును గదా, అమ్మ పాటలన్నీ అక్కడా వున్నాయి! పైన ఒక ప్రతి వుండగా కింద ఇంకొకటి దండగ కదా అనుకున్నాను. ఒక ఆదివారం లాలిపాటలు తుడిచేశాను. మరుసటి ఆదివారం మిగతావి తుడిచేశాను. ఏదో హెచ్చరిక వచ్చింది. అలవాటు ప్రకారం “సరే” అన్నాను. కంప్యూటరులోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, ఇల్లు అలకగానే పండగ అయిందనుకున్నాను.

దరిమిలా ఒకరోజు సాయంత్రం మా అక్కయ్య ఫోను చేసింది. “ఒరే తమ్ముడూ, అమ్మాయి అప్పగింతలప్పుడు అమ్మ పాట పెడదామురా. అమ్మమ్మ గొంతు వినాలని అది ఒకటే గోల. పంపిస్తావూ?” అంది. దానికేం భాగ్యం, ఇప్పుడే పంపిస్తానని ఫోను తెరిచాను. పాటల ఫోల్డరు లేదు. పైన లేదు, కింద లేదు.

బీరువా కాదు, అద్దం

మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. నా గోడు విని, “నాన్నా, నువ్వు దాన్ని బీరువా అనుకున్నావు. అది అద్దం” అన్నది. ఇన్నేళ్ళ నా అలంకారశాస్త్ర బోధనలో ఇంత కచ్చితమైన రూపకం నాకు తట్టలేదు.

అసలు క్లౌడ్ అన్నది ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద భవనాల్లో, చల్లని గదుల్లో, వరసలు వరసలుగా నిలబెట్టిన కంప్యూటర్లే క్లౌడు. అమెజాన్ కంపెనీ ఇటువంటి కేంద్రాలను 2022లో మన హైదరాబాదు ప్రాంతంలోనే ప్రారంభించింది. మన ఫైలుకు ఒక ప్రతి అటువంటి చోట వుంటుంది. ఇంతవరకు అది బీరువాలాంటిదే.

తేడా అంతా “సింక్” అనే మాటలో వున్నది. సింక్ అంటే రెండు చోట్లా ఒకే స్థితి వుండేటట్టు చూడడం. ఇక్కడ ఒక అక్షరం దిద్దితే అక్కడా దిద్దుతుంది. ఇక్కడ కొత్త ఫైలు పెడితే అక్కడా పెడుతుంది. ఇక్కడ తుడిచేస్తే, నమ్మినబంటు లాగా, అక్కడా తుడిచేస్తుంది. అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటే అద్దంలోని మనిషి నుదుటికీ బొట్టు వస్తుంది. చెరుపుకుంటే ఆమె నుదుటా చెరుగుతుంది. చెరిపి, అద్దంలో వెతికితే ఏం లాభం?

ఈ అద్దాన్ని కనిపెట్టింది దాపరికం కోసం కాదు. డ్రూ హౌస్టన్ అనే అమెరికా కుర్రవాడు బోస్టన్ నుంచి న్యూయార్కుకు బస్సెక్కి, తన పనంతా వున్న పెన్‌డ్రైవు మరచిపోయి వచ్చాననీ, ఆ విసుగులోనే డ్రాప్‌బాక్స్ ఆలోచన పుట్టిందనీ తానే చెప్పుకున్నాడు. 2007లో మొదలైన కంపెనీ అది. ఎక్కడికి వెళ్ళినా మన ఫైలు మన వెంట రావాలన్నది అతని కోరిక. వెంట రావడం వేరు, భద్రంగా వుండడం వేరు. ఆ రెంటినీ ఒకటిగా భావించడం నా బోటివాళ్ళు చేసిన పొరపాటు.

మారిన చిరునామా

మరొక చిత్రం వినండి. ఈ జతపరచడంలో మన ఫైళ్ళు మన కంప్యూటరులోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారిపోతాయి.

విండోస్ కంప్యూటరునే తీసుకుందాం. మామూలుగా డాక్యుమెంట్స్ అనే ఫోల్డరు చిరునామా – సీ డ్రైవు, అందులో యూజర్స్, అందులో మీ పేరు, అందులో డాక్యుమెంట్స్. వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ అనే ఏర్పాటుకు సరే అంటే, మీ పేరుకీ డాక్యుమెంట్స్‌కీ మధ్య వన్‌డ్రైవ్ అనే కొత్త ఫోల్డరు వచ్చి చేరుతుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, తెరమీద కనబడే డెస్క్‌టాప్ – మూడూ ఆ కొత్త ఇంట్లో కాపురం పెడతాయి. గుమ్మం మీద పేరు మాత్రం పాతదే. అందుచేత మనకు మార్పు తెలియదు. పాత చిరునామా పట్టుకుని వెళ్ళే పాత ప్రోగ్రాములకు మాత్రం ఖాళీ ఇల్లు ఎదురవుతుంది. ఈ సంగతి గ్రహించి, ఎవరైనా కోపంతో ఆ ఏర్పాటును ఆపేస్తే, ఫైళ్ళు కొత్త ఇంట్లోనే వుండిపోయి పాత ఫోల్డరు బోసిగా కనిపించే సందర్భాలున్నాయి. పోయాయని గుండెలు బాదుకోకండి. ముందు వన్‌డ్రైవ్ ఫోల్డరులోకి వెళ్ళి చూడండి.

ఆపిల్ కంపెనీ కంప్యూటర్లలో కూడా 2016 నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను ఐక్లౌడ్‌తో కలిపే ఏర్పాటున్నది. గూగుల్ డ్రైవ్ వారు రెండు పద్ధతులు పెట్టారు. ఒకదాని పేరు స్ట్రీమ్: ఫైళ్ళు పైనుంటాయి, అవసరమైనప్పుడు కిందికి పారతాయి. రెండోదాని పేరు మిర్రర్: రెండు చోట్లా పూర్తి ప్రతులుంటాయి. మిర్రర్ అంటే అద్దమే. మా అమ్మాయి మాటను గూగుల్ వారు ముందే చెప్పారన్నమాట!

పేరున్నది, మనిషి లేడు

చాలామందిని తికమక పెట్టే సంగతి ఇంకొకటుంది. కంప్యూటరులో ఫైలు పేరు కనబడినంత మాత్రాన ఫైలు అక్కడ వున్నట్టు కాదు. విండోస్‌లో 2017 నుంచి ఈ వసతి వచ్చింది. చోటు ఆదా కావడానికి పేరునూ బొమ్మనూ మాత్రం ఇక్కడ వుంచి, అసలు సరుకును పైన వుంచుతారు. నొక్కినప్పుడు ఇంటర్నెట్ మీద తెప్పించి తెరుస్తారు. ఇంటర్నెట్ లేనిచోట ఎంత నొక్కినా పలకదు. పెళ్ళి శుభలేఖలో పేరు అచ్చయి వుంటుంది, మనిషి మాత్రం దుబాయిలో వుంటాడు చూడండి, అట్లాగ.

అయితే దీన్ని పసికట్టడానికి గుర్తులున్నాయి. వన్‌డ్రైవ్‌లో ఫైలు పక్కన నీలిరంగు మబ్బు బొమ్మ వుంటే సరుకు పైన మాత్రమే వున్నది. తెల్లని వలయంలో ఆకుపచ్చ టిక్కు వుంటే కిందికి వచ్చింది కాని, చోటు చాలకపోతే మళ్ళీ పైకి పోవచ్చు. నిండు ఆకుపచ్చ వలయంలో తెల్ల టిక్కు వుంటే ఎల్లప్పుడూ మీ కంప్యూటరులో వుంటుంది. సిగ్నలు లేని వూరికి ప్రయాణం కట్టేవారు బయలుదేరే ముందు ఈ మూడో గుర్తు చూసుకోవడం మంచిది.

నా తప్పు కూడా ఇక్కడే వుంది. చోటు కావాలంటే ఫైలు మీద కుడి మీట నొక్కి “ఫ్రీ అప్ స్పేస్” వంటి మాటను ఎంచుకోవాలి. అప్పుడు కింది ప్రతి మాత్రం పోయి పైది నిలుస్తుంది. నేను “డిలీట్” అన్నాను. అప్పుడు రెండూ పోతాయి. ఒకే పట్టికలో కనిపించే ఈ రెండు మాటలకూ, ఇంటికి తాళం వేయడానికీ ఇల్లు పడగొట్టడానికీ వున్నంత తేడా వున్నది. ఫోనులోని ఫోటోల విషయంలోనూ ఇంతే. గూగుల్ ఫోటోస్‌లో భద్రపడిన ఫోటోను అందులోనే డిలీట్ చేస్తే ఫోనులోనూ పోతుంది, పైనా పోతుంది. “ఫోనులోనే గదా తీసేశాను” అని పిల్లల అన్నప్రాసన ఫోటోలు పోగొట్టుకోకండి.

బ్రౌన్ దొర ప్రతులు

ఇదంతా విన్నాక నాకు సి.పి.బ్రౌన్ గుర్తుకు వచ్చాడు. రెండు వందల ఏళ్ళ కిందట ఆయన కడపలో తన బంగళాలో పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి కూర్చోబెట్టి, తాటాకు ప్రతులు తెప్పించి, సరిచూపించి, కొత్త ప్రతులు రాయించాడు. అదే లేకపోతే మేము ఎం.ఏ.లో చదువుకున్న కావ్యాలు కొన్నిటికి ఏ గతి పట్టేదో! ఆ ప్రతులకు ఒక గుణం వున్నది. ఒక్కొక్కటీ స్వతంత్రమైనది. ఒక ఇంట్లో తాటాకులకు చెదలు పడితే, ఇంకో వూళ్ళో ప్రతికి ఆ చెద పాకదు. సింక్ చేసిన ప్రతులకు ఆ స్వాతంత్య్రం లేదు. ఒకచోట చెద పడితే అన్నిచోట్లా పడినట్టే. అద్దాలు పది వున్నా ముఖం ఒకటే.

ఇరవై ఎనిమిదో రోజు

మళ్ళీ నా కథకు వస్తాను. క్లౌడులో తుడిచిన ఫైళ్ళు వెంటనే మాయమైపోవు. అక్కడా ఒక చెత్తబుట్ట వుంటుంది. సొంత ఖాతాలకు వన్‌డ్రైవ్ గాని, గూగుల్ డ్రైవ్ గాని ఇచ్చే గడువు 30 రోజులు. నేను వాడే కంపెనీవారిదీ అంతే. మా అమ్మాయి ఆ బుట్ట తెరిచింది. నేను కేలండరు పట్టుకుని వేళ్ళు మడిచాను. రెండో ఆదివారం నుంచి ఆ రోజుకు ఇరవై ఎనిమిది రోజులు. అప్పగింతల పాటలు, హారతులు, తలుపు దగ్గర పాటలు అన్నీ బుట్టలో వున్నాయి. అక్కయ్య మూడు రోజులు ఆలస్యంగా ఫోను చేసి వుంటే అవీ దక్కేవి కావు.

మొదటి ఆదివారం తుడిచిన లాలిపాటలకు మాత్రం ముప్ఫై అయిదు రోజులైంది. పదకొండు పాటలు. కంపెనీకి ఉత్తరం రాశాను. గడువు దాటిన వాటిని తిరిగి ఇవ్వలేమని మర్యాదగా జవాబిచ్చారు. వాటిని పట్టిన పాత ఫోను కొత్తది కొన్నప్పుడే దుకాణంవాడికి ఇచ్చేశాను. పాటల మాటలు నా నోటుపుస్తకంలో వున్నాయి. గొంతు లేదు. మా అమ్మాయిని వొళ్ళో వేసుకుని పాడినవి అవి. మధ్యలో ఒకచోట పసిదాని కేక కూడా వినపడేది. ఆ మాట నేను అనలేదు. మా అమ్మాయే అంది. ఆ తరువాత మా ఇంట్లో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక చిన్న హార్డ్ డిస్కును కంప్యూటరుకు తగిలించి, ముఖ్యమైనవన్నీ అందులోకి ప్రతి తీసి, మళ్ళీ ఊడదీసి మా ఆవిడ నగలపెట్టె పక్కన పెడతాము. అలా ఊడదీసి వుంచడం ముఖ్యం. తగిలించి వుంచితే దానిమీదా మన చెయ్యి పడుతుంది. ప్రతి తీసే ముందు ఫైలు పక్కన మబ్బు గుర్తు లేకుండా చూస్తాము. తీసిన తరువాత రెండు మూడు తెరిచి, పలుకుతున్నాయో లేదో వింటాము. అటువంటిదే ఇంకొక డిస్కు అక్కయ్య ఇంట్లో వున్నది. క్లౌడును మానలేదు. మబ్బు మబ్బుగా వుండనిస్తున్నాము; ముంతను మాత్రం ఒలకబోయడం లేదు. ఎవరైనా “మీ ఫోటోలు ఎక్కడున్నాయి?” అని అడిగితే “క్లౌడ్‌లో” అనే ఒక్క జవాబుతో సరిపెట్టుకోకండి. ఇంకా ఎక్కడెక్కడ వున్నాయో చెప్పగలిగితేనే అవి వున్నట్టు.

మేనకోడలి పెళ్ళి బాగా జరిగింది. అప్పగింతల వేళ పందిట్లో మా అమ్మ గొంతు వినిపించింది. బొంగురు గొంతే. మగపెళ్ళివారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. మరునాడు నేను జంకుతూనే లాలిపాటల సంగతి అక్కయ్యకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, “అవి నాకూ వచ్చురా. అమ్మ నన్నూ అవే పాడి పడుకోబెట్టింది. ఫోను ఇలా పెట్టు” అంది.

పదకొండూ పాడింది. అమ్మ గొంతు కాదు. ఆ సాయంత్రమే మూడు ప్రతులు తీశాను.