సైకిల్ పుల్లల పొడవు: ఇంటర్ లెక్క చాలు

వెనక సీటులో పిల్లని కూర్చోబెట్టుకుని నర్సరీకి సైకిలు తొక్కే అమ్మలు మనలో చాలామందే ఉన్నారు. ఆ బరువులో ఎక్కువ భాగం పడేది వెనక చక్రం మీద. చక్రాన్ని గుండ్రంగా నిలబెట్టేవి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పుల్లలు. మన ఎడ్లబండి చక్రంలో చెక్క ఆకులు బరువును కింద నుంచి మోస్తాయి. సైకిలు పుల్ల అలా మోయలేదు, నొక్కితే వంగిపోతుంది. అది లాగి పట్టుకోవడమే పని. అన్ని పుల్లలూ గట్టిగా బిగిసి ఉంటేనే చక్రం నిలుస్తుంది.

ఇంగ్లండు వానల్లో రోడ్డు మీది సన్న ఇసుక బ్రేకు రబ్బరుకి అంటుకుని రిమ్మును అరగదీస్తుంది. చాలా రిమ్ముల పక్కగోడ మీద సన్నటి గాడి ఒకటి ఉంటుంది. అది కనిపించకుండా పోయిందంటే రిమ్ము మార్చాల్సిందే. మా సైకిలుకి అదే అయింది. షాపులో చక్రం మొత్తం మార్చుకోమన్నారు. కానీ హబ్బు నిక్షేపంలా ఉంది. అలాంటప్పుడు రిమ్ము, పుల్లలు మాత్రం కొని ఇంట్లోనే అల్లుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే: ఎంత పొడవు పుల్లలు కొనాలి?

పొడవు ఎందుకంత ముఖ్యమంటే, పుల్ల చివర మరలు ఉండేది దాదాపు ఒక సెంటీమీటరే. దాని మీద నిపిల్ తిరుగుతుంది. పుల్ల పొట్టిదైతే మరలు నిపిల్ తల దాకా చేరవు. బలమంతా నిపిల్ మెడ మీద పడి, ఒకరోజు అది తెగుతుంది. పొడుగైతే మరలు అయిపోయి నిపిల్ ఇక బిగియదు, లేదా పుల్ల మొన పైకి పొడుచుకొచ్చి ట్యూబుకి కన్నం పెడుతుంది. పుల్ల చివర నిపిల్ తలలోని స్క్రూడ్రైవర్ గాడి అడుగుకి చేరడమే సరైన కొలత.

ముందు రిమ్ము కొలవాలి. రిమ్ము మీద 622 అని రాసి ఉంటే అది టైరు కూర్చునే చోటి వ్యాసం, మన లెక్కకు పనికిరాదు. మనకు కావలసింది పుల్ల చివరలు చేరే చోటి వ్యాసం. దాన్ని ఈఆర్‌డీ అంటారు. రెండు రిమ్ముల మీద 622 అనే ఉన్నా, లోతును బట్టి ఇది మారిపోతుంది. రెండు పాత పుల్లల్ని మరల చివర నుంచి సరిగ్గా 200 మి.మీ. ఉండేలా కోయండి. నిపిళ్లను గాడి అడుగు దాకా బిగించి, ఎదురెదురు రంధ్రాల్లో దూర్చి లోపలికి లాగిపట్టండి. మధ్య ఖాళీ కొలిచి 400 కలపండి. నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి.

తర్వాత హబ్బు. పుల్లలు దూరే రెండు బిళ్లల్నీ ఫ్లాంజిలంటారు. ఒక్కో ఫ్లాంజి మీద ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకు దూరం కొలవాలి. హబ్బు నడిమధ్య నుంచి ఒక్కో ఫ్లాంజి ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. వెనక చక్రంలో కుడివైపు గేర్ల పళ్లు ఉంటాయి కాబట్టి కుడి ఫ్లాంజి మధ్యకు జరిగి ఉంటుంది. అందుకే రెండు వైపుల పుల్లలూ ఒకే పొడవు ఉండవు.

పుల్లలు ఒకదాన్నొకటి ఎందుకు దాటతాయి? పెడలు తొక్కితే హబ్బు తిరుగుతుంది. తిన్నగా నిలబడ్డ పుల్ల ఆ మెలితిప్పే బలాన్ని రిమ్ముకి సరిగా అందించలేదు, వాలుగా ఉన్నది అందిస్తుంది. కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1874లో ఈ వాలు పుల్లల చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ఎక్కువగా ఒక్కో పుల్ల అదే వైపున్న మూడు పుల్లల్ని దాటేలా అల్లుతారు.

ఇక లెక్క. 36 పుల్లల చక్రంలో ఒక్కో వైపు 18, అంటే రంధ్రానికీ రంధ్రానికీ 20 డిగ్రీలు. మూడు దాటితే 60 డిగ్రీలు. హబ్బు కేంద్రం, ఫ్లాంజి రంధ్రం, రిమ్ము రంధ్రం కలిసి ఒక త్రిభుజం. ఇంటర్ మొదటి ఏడాది 1ఎలో బట్టీ పట్టిన కొసైన్ సూత్రం ఇక్కడికే పనికొస్తుంది. 60 డిగ్రీల కొసైన్ సరిగ్గా సగం కాబట్టి ఇంకా సులువు.

ఈఆర్‌డీ 600 అనుకుందాం, సగం 300. ఫ్లాంజి కొలత 45, సగం 22.5. ఈ రెండు సగాల వర్గాల మొత్తం 90506.25. అందులోంచి 2 × 300 × 22.5 × 0.5, అంటే 6750 తీసేస్తే 83756.25. ఎడమ ఫ్లాంజి మధ్య నుంచి 35 మి.మీ. దూరంలో ఉంటే దాని వర్గం 1225 కలిపి వర్గమూలం తీయండి: 291.5. కుడిది 20 అయితే 400 కలపండి: 290.1. ఫ్లాంజి రంధ్రం వ్యాసం 2.6 అయితే అందులో సగం 1.3 తీసేయాలి. ఎడమ 290.2, కుడి 288.8.

కింది అంకెకే సర్దుకోండి: ఎడమకు 290, కుడికి 288. గట్టిగా బిగించాక పుల్ల సుమారు అర మిల్లీమీటరు సాగుతుంది. నిపిల్ ఒక చుట్టు తిరిగితే కదిలేది 0.45 మి.మీ. కాబట్టి ఒక మిల్లీమీటరు లోపు తేడాను నిపిలే సర్దేస్తుంది. కానీ రిమ్ము కొలత 6 మి.మీ. తప్పితే పుల్ల దాదాపు 3 మి.మీ. తప్పుతుంది. దాన్ని ఏ కీతోనూ సర్దలేం. మూడుకు బదులు రెండే దాటేలా అల్లితే పుల్ల 6 మి.మీ. తగ్గాలి కాబట్టి, ఎలా అల్లాలో ముందే తేల్చుకోవాలి.

వెబ్‌లో దొరికే కాలిక్యులేటర్లో కూడా ఇవే అంకెలు వేసి సరిచూసుకోండి. అది చేసేదీ ఇదే లెక్క, మనం ఇచ్చిన కొలత తప్పైతే జవాబూ తప్పే. ఒక్కో వైపుకి 18తో పాటు రెండేసి పుల్లలు ఎక్కువ తెప్పించుకోండి. చక్రం అల్లి బెండు తీశాక, మొదటి నాలుగు రోజులు పిల్లని ఎక్కించుకోకుండా తొక్కి, మళ్లీ ఒకసారి పుల్లల బిగువు చూడండి. ఒకే వైపు పుల్లల్ని వరసగా వేలితో మీటితే దాదాపు ఒకే శ్రుతి పలకాలి. అప్పుడు వెనక సీటు బిగించండి.