కూలి ఖర్చు ఎవరి ఖాతాలో?

సరఫరా గొలుసు అంటే పొలంలో పండిన సరుకు చివరి కొనుగోలుదారు చేతికి చేరేదాకా ఒకరి వెనుక ఒకరుగా నిలిచే కూలీలు, రైతులు, మధ్యవర్తులు, కంపెనీల వరుస. వ్యవసాయంలోని ఈ వరుసల్లో కూలీల స్థితిగతులను మెరుగుపరచడానికి చేపట్టే అభివృద్ధి ప్రాజెక్టులు చాలావరకు పొలం దగ్గరే మొదలై పొలం దగ్గరే ముగుస్తాయి. తనిఖీ జరిగేది పొలంలోనే, హెచ్చరికలు అందేది రైతుకే, అవగాహన సదస్సులు పెట్టేది తల్లిదండ్రులకే. రైతు ఎంత కూలి ఇవ్వగలడో తేల్చే కొనుగోలు ధర మాత్రం వరుసకు రెండో కొసన, నగరంలోని కంపెనీ కార్యాలయంలో ఖరారవుతుంది. ఆ ధర జోలికి పోని ప్రాజెక్టు ఎంత పకడ్బందీగా నడిచినా ఎక్కడికి వచ్చి ఆగిపోతుందో చూడటానికి హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి తెలుగు జిల్లాల్లో ఉన్న దశాబ్దాల చరిత్ర చాలు.

ప్రపంచంలోనే వాణిజ్య సాగుకు వచ్చిన తొలి హైబ్రిడ్ పత్తి అయిన హెచ్-4 1970లో గుజరాత్‌లోని సూరత్ నుంచి విడుదలైంది. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉండి, అది తన పుప్పొడితో తానే కాయ కడుతుంది కనుక, రెండు వేర్వేరు రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం తీయాలంటే ఆ పని మనిషి వేళ్లే చేయాలి. మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా, విత్తనం కట్టవలసిన రకం నాటిన ఆడసాళ్ల వెంట నడుస్తూ, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులనూ వాటితోపాటే పుప్పొడి తిత్తులనూ లోపలి కీలానికి గాయం కాకుండా ఒలిచేస్తారు. తెల్లవారాక పుప్పొడి ఇచ్చే రకం నాటిన మగసాళ్ల నుంచి పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వును నాలుగైదు ఒలిచిన మొగ్గల కొసలకు అద్దుతారు. రైతుల నోట దీని పేరు క్రాసింగ్. కంటికి ఆనకుండా పోయిన ఒక్క మొగ్గ సొంత పుప్పొడితో కాయ కట్టినా ఆ విత్తనం కల్తీ కిందే లెక్క కాబట్టి, ఈ పని రెండు మూడు నెలలపాటు ఏ రోజుకారోజు సాగవలసిందే, ఎకరానికి పది మంది దాకా కూలీలు దొరకవలసిందే. సాగు ఖర్చులో సగానికి పైగా కూలికే పోవడం ఈ పంట ప్రత్యేకత.

నంద్యాల, కర్నూలు ప్రాంతాల్లోనూ, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల నడిగడ్డలోనూ ఈ సాగు విస్తరించినప్పుడు ఆ పనికి కుదిరింది ఎక్కువగా ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలే, అందులోనూ దళిత, గిరిజన, వెనుకబడిన కులాల ఇళ్ల పిల్లలే. చిన్న వేళ్లయితే పువ్వు నలగదన్న వాదన చాలాకాలం చెలామణీ అయింది గానీ, తర్వాతి ఏళ్లలో అదే పని పెద్దలతో చేయించిన పొలాల్లో పంట దెబ్బతినకపోవడంతో దాని డొల్లతనం బయటపడింది. అసలు కారణం డబ్బే: పిల్లకు పెద్దల కన్నా తక్కువ కూలి ఇవ్వవచ్చు, ఎక్కువ గంటలు నిలబెట్టవచ్చు, పంట వేయకముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెట్టి ఆ సీజన్ మొత్తానికీ కట్టిపడేయవచ్చు.

ఈ వరుసలో బయటివారి కంటికి తేలిగ్గా ఆనని మనిషి ఆర్గనైజర్. కంపెనీ తన మూల విత్తనాన్ని నేరుగా రైతుకు ఇవ్వదు. ఆర్గనైజర్‌కు ఇస్తుంది, అతను రైతులను కుదిర్చి, వారికి పెట్టుబడి అప్పుగా ఇచ్చి, పండిన విత్తనాన్ని కంపెనీకి చేర్చి కమీషన్ తీసుకుంటాడు. రైతు అప్పజెప్పిన విత్తనానికి వెంటనే డబ్బు రాదు, ఎందుకంటే దాని నుంచి కొంత నమూనా తీసి, విడిగా నాటి, మొక్కలు పెరిగాక జాతి శుద్ధి ఎంతుందో తేల్చే పరీక్ష ఒకటి మిగిలి ఉంటుంది. సీడ్ రైతులు జీవోటీ అని పిలిచే ఆ పరీక్ష ఫలితం వచ్చేసరికి నెలలు గడుస్తాయి, ఆ నెలల్లో ఆర్గనైజర్ అప్పు మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, పరీక్షలో విత్తనం తప్పిందంటే నష్టమంతా రైతుదే. ఇన్ని గండాలున్న రైతు తన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఖర్చును, అంటే కూలిని, తగ్గించుకోవాలని చూడటంలో వింత లేదు. అది తప్పు కాకుండా పోదు గానీ, ఆ తప్పును రైతు ఒక్కడి దుర్మార్గంగా రాసుకున్న ప్రాజెక్టు పత్రం మొదటి పేజీలోనే దారి తప్పినట్టు.

హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు విత్తన పొలాల్లోని పిల్లల సంగతిని దేశం దాటించాయి. 2003లో విత్తన పరిశ్రమ సంఘం బాలకార్మికులను పెట్టుకోరాదని తీర్మానించింది. 2004లో జర్మనీలోని పౌరసంస్థలు ఇక్కడ విత్తనం పండించే జర్మన్ కంపెనీ బేయర్ మీద అక్కడి ప్రభుత్వ యంత్రాంగానికి ఫిర్యాదు చేశాయి. మరో పరిశోధకురాలు లూసియా డ కోర్టాతో కలిసి వెంకటేశ్వర్లు 2005లో వెలువరించిన ‘ది ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ అనే నివేదిక వాదన సూటిగా ఉంటుంది: కంపెనీలు చెల్లిస్తున్న కొనుగోలు ధరతో పెద్దల కూలి పెట్టుకుని రైతు గట్టెక్కలేడు, ఆ ధర పెంచే స్తోమత కంపెనీలకు ఉంది. ఆ వెంటనే బేయర్ అమలు చేసిన కార్యక్రమంలో పిల్లలను పెట్టని రైతుకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్, చెప్పకుండా వచ్చే తనిఖీలు, తప్పు చేసిన రైతుకు హెచ్చరికతో మొదలై ఒప్పందం రద్దు దాకా వెళ్లే శిక్షలు, బడి మానిన పిల్లల కోసం నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి నడిపిన అభ్యసన కేంద్రాలు ఉన్నాయి. ఆ కంపెనీ పొలాల్లో పిల్లల సంఖ్య బాగా పడిపోయిన మాట వాస్తవం, అందుకు ధరను కొంతైనా కదిలించడం కారణమన్న మాట కూడా వాస్తవం.

ఇక్కడే ప్రాజెక్టు నిర్వాహకులకు అసలు చిక్కు ఎదురవుతుంది. పని మొదలుపెట్టే ముందు ఉన్న స్థితిని నమోదు చేసే బేస్‌లైన్ సర్వేలో పొలాన్ని లెక్కించాలా, పిల్లను లెక్కించాలా అన్నది చూడటానికి చిన్న తేడాయే గానీ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. పొలం లెక్క అయితే, ఒక కంపెనీ చేను నుంచి వెళ్లగొట్టిన పిల్ల గట్టు దాటి పక్క కంపెనీ చేనులో చేరినా ప్రాజెక్టు నివేదికలో విజయమే కనిపిస్తుంది. పిల్ల లెక్క అయితే ఊళ్లోని ప్రతి ఇంటినీ తిరగాలి, బడి హాజరు పట్టీలో పేరు ఉందా అనడమే కాక క్రాసింగ్ జోరుగా సాగే రోజుల్లో ఆ పేరు ఎదుట హాజరు పడిందా అని చూడాలి. 1990ల తొలినాళ్ల నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఎంచుకున్నది రెండో దారి: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్న నిర్వచనంతో, పొలాన్నో కంపెనీనో కాక ఊరిని ప్రమాణంగా తీసుకుని, పెద్ద పిల్లలను తరగతికి సిద్ధం చేసే వసతి శిబిరాలు నడిపింది. ఆ సంస్థ అప్పటి కార్యదర్శి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఎప్పుడు లెక్కిస్తారన్నదీ అంతే ముఖ్యం: నిధులిచ్చే సంస్థల త్రైమాసిక నివేదికల గడువులు పత్తి పూతను చూసి పెట్టినవి కావు గనుక, పొలంలో పూత లేని నెలలో జరిపిన పరిశీలనలో పిల్లలెవరూ కనబడలేదని రాయడం అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు.

పొలం లెక్కకు అందని తప్పించుకుపోవడాలు ఇంకా పెద్ద ఎత్తున జరిగాయి. విత్తనోత్పత్తి ఇతర రాష్ట్రాల్లో కొత్త పల్లెలకు విస్తరించింది. రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్, ఉదయ్‌పూర్ జిల్లాల గిరిజన పిల్లలు ఉత్తర గుజరాత్ విత్తన పొలాలకు వలసపోయారు. కూలి పెట్టుకోలేని చోట పొలాన్ని పాలికిచ్చి, పాలుదారు ఇంటిల్లిపాదీ పనిచేసే ఏర్పాటు పెరిగింది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు వారిని అన్ని పనుల్లోనూ నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత సొంత కుటుంబపు పనిలో సాయపడటాన్ని మినహాయించింది కాబట్టి, ఆ ఇంటి పిల్లను కార్మికురాలని పిలవడం చట్టరీత్యా మరింత కష్టమైంది. వెంకటేశ్వర్లు 2015 నాటి అధ్యయనం దేశవ్యాప్తంగా పత్తి విత్తన పొలాల్లో పద్దెనిమిదేళ్లలోపు వారు దాదాపు 5 లక్షల మంది ఉన్నారనీ, వారిలో సుమారు 2 లక్షల మంది పద్నాలుగేళ్లు నిండనివారనీ అంచనా వేసింది. పిల్లలు తగ్గిన చోట వారి స్థానంలోకి వచ్చిన స్త్రీలకు కనీస వేతనం అందుతోందా అన్నది చాలా ప్రాజెక్టుల సూచికల్లో, అంటే ప్రగతిని కొలవడానికి ముందే ఎంచుకున్న గుర్తుల్లో, చోటే చేసుకోలేదు.

విత్తన రైతుకు ఎక్కువ చెల్లించే వెసులుబాటు ధరలో లేదన్న కంపెనీల వాదన ఎంతవరకు నిలుస్తుందో 2006లో బయటపడింది. అప్పటిదాకా 1,600 రూపాయలకు పైబడి పలికిన 450 గ్రాముల బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ ధరను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌ను ఆశ్రయించి మరీ 750 రూపాయలకు దించింది. ఆ పాత ధరలో పెద్ద భాగం జన్యు సాంకేతికతకు చెల్లించే రాయల్టీయే. సాగుదారుకు మేలు చేసిన ఆ తగ్గింపును కంపెనీలు విత్తన రైతుకు ఎక్కువ చెల్లించలేకపోవడానికి సాకుగా వాడుకునే వీలు కూడా ఏర్పడింది. అందువల్ల అమ్మకపు ధర మీద పరిమితి పెట్టే ప్రభుత్వం, విత్తన రైతుకు చెల్లించే ధరకూ పెద్దల కనీస కూలి లెక్కగట్టి ఒక కనీస హద్దు గీయడం న్యాయం. ప్రాజెక్టు బడ్జెట్లో తనిఖీదారుల ప్రయాణ ఖర్చుల కన్నా ఈ లెక్కను ఏటా తయారుచేసే పనికి ఎక్కువ విలువ ఉంటుంది.

2023 జనవరి 1 నుంచి జర్మనీలో అమల్లో ఉన్న సరఫరా గొలుసు చట్టం పెద్ద కంపెనీలు తమ ప్రత్యక్ష సరఫరాదారుల విషయంలో మానవహక్కుల ముప్పును క్రమం తప్పకుండా అంచనా వేయాలని నిర్దేశించింది. పరోక్ష సరఫరాదారుల విషయంలోనైతే ఉల్లంఘన జరిగిందనడానికి ఆధారం దొరికినప్పుడే ఆ బాధ్యత పుట్టేలా రాసింది. ఆర్గనైజర్ చేతుల మీదుగా సాగే విత్తన వ్యవహారంలో రైతును ఏ తరగతిలో చేర్చుతారు, అతని పొలంలో మొగ్గ ఒలిచే కూలీ ఏ తరగతిలోకి వస్తుంది అన్నది ఒప్పంద పత్రంలో ఎవరి సంతకాలున్నాయన్న దానిపై ఆధారపడుతుంది. గద్వాలలో కొత్తగా ప్రాజెక్టు తలపెట్టేవారు మొదట అడిగి చూడవలసింది ఆ పత్రాన్నే: కంపెనీ, ఆర్గనైజర్, రైతు ముగ్గురూ సంతకం చేశారా, ఎకరానికి పెద్దల కూలి ఎన్ని రోజులకు ఎంతని లెక్కవేసి ధర కట్టారు, జీవోటీ ఫలితం ఆలస్యమైన నెలలకు వడ్డీ ఎవరు భరిస్తారు, విత్తనం తప్పినప్పుడు అప్పటికే చెల్లించిన కూలిలో కంపెనీ వాటా ఎంత.