టెక్స్ట్‌ బాక్సులో బగ్గు.. రెజ్యూమెలో ప్లస్సు!

ఆన్‌లైన్‌ దరఖాస్తులో పేరు, చిరునామా నింపే గడి చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. దాని వెనక మాత్రం కర్సర్‌, కీబోర్డు, కాపీ-పేస్ట్‌, అన్‌డూ.. ఇలా బోలెడంత పని నడుస్తుంటుంది. అందుకే బ్రౌజర్‌ ఇంజిన్లలో ఈ గడుల బగ్స్‌ వస్తూనే ఉంటాయి. వీటిని సరిచేసే పనిలో కాలేజీ విద్యార్థులూ చేరొచ్చు. తెలుగు టైపింగ్‌ వస్తే అదనపు బలం!

ముఖ్యమైన ఇంజిన్లు మూడు. క్రోమ్‌, ఎడ్జ్‌లను బ్లింక్‌ నడిపిస్తే, ఫైర్‌ఫాక్స్‌ను గెకో, సఫారీని వెబ్‌కిట్‌ నడిపిస్తాయి. మూడింటి సోర్స్‌ కోడూ అందరికీ అందుబాటులో ఉంది. చాలా భాగం సి ప్లస్‌ ప్లస్‌లోనే రాశారు.

తెలుగు ఎందుకు కలిసొస్తుంది?

‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.. మొత్తం ఆరు కోడ్లు. బ్యాక్‌స్పేస్‌ ఒకసారి నొక్కితే ఎంత చెరగాలి? బాణం కీ నొక్కితే కర్సర్‌ ఎక్కడ ఆగాలి? తెలుగు ఒత్తులను ముక్కలు చేయకుండా ఒకే యూనిట్‌గా చూడాలన్న నియమం యూనికోడ్‌లో 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తోనే చేరింది. ఇలాంటివి ఇంగ్లిష్‌లో మాత్రమే టైప్‌ చేసే డెవలపర్‌ కంట పడకపోవచ్చు. మీకైతే ఇట్టే తెలిసిపోతాయి.

ఇవి చిన్న విషయాలని కొట్టిపారేయలేం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను పోలిన ఒక తెలుగు అక్షరం కనిపిస్తే చాలు, ఐఫోన్‌లో యాప్స్‌ కుప్పకూలాయి. అది టెక్స్ట్‌ను తెరపై చూపించే వ్యవస్థలోని లోపం. యాపిల్‌ దాన్ని ఐఓఎస్‌ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది.

బగ్గా? నియమమా?

గడికి ‘మ్యాక్స్‌లెంగ్త్‌ 5’ అని పెట్టి ‘స్త్రీ’ టైప్‌ చేసి చూడండి. చివరి గుడిదీర్ఘం పడదు, ‘స్త్ర’ దగ్గరే ఆగిపోతుంది. ఇది బ్రౌజర్‌ తప్పు కాదు. హెచ్‌టీఎంఎల్‌ ప్రమాణం అక్షరాలను కాకుండా కోడ్‌ యూనిట్లను లెక్కపెట్టమంటుంది. ఇక్కడ మార్చుకోవాల్సింది ఫారం తయారుచేసినవారు. అందుకే బగ్‌ అని రిపోర్ట్‌ చేసేముందు ప్రమాణం చదవడం తప్పనిసరి. 

ఎలా మొదలుపెట్టాలి?

• సమస్య కనిపించేంత చిన్న హెచ్‌టీఎంఎల్‌ పేజీ తయారుచేయండి. పది లైన్లు దాటకపోతే మంచిది.
• మూడు ఇంజిన్లలోనూ పరీక్షించండి. మ్యాక్‌ లేకపోతే లినక్స్‌లో గ్నోమ్‌ వెబ్‌ వాడొచ్చు. అది కూడా వెబ్‌కిట్‌తోనే నడుస్తుంది.
• అదే బగ్‌ను ఇంతకుముందే ఎవరైనా రిపోర్ట్‌ చేశారేమో బగ్‌ ట్రాకర్‌లో వెతకండి. మొజిల్లా బగ్‌జిల్లాలో కొత్తవారి కోసం ‘గుడ్‌ ఫస్ట్‌ బగ్‌’ గుర్తుతో కొన్ని ఉంటాయి.
• బగ్‌ ఏ వెర్షన్‌లో మొదలైందో పట్టుకోండి. ఫైర్‌ఫాక్స్‌కు ‘మోజ్‌రిగ్రెషన్‌’ అనే టూల్‌ ఉంది. క్లాసులో నేర్చుకున్న బైనరీ సెర్చ్‌ ఇక్కడ పనికొస్తుంది.
• ముందు టెస్ట్‌, తర్వాతే ఫిక్స్‌. అన్ని ఇంజిన్లూ వాడుకునే ‘వెబ్‌ ప్లాట్‌ఫామ్‌ టెస్ట్స్‌’కు చాలావరకు హెచ్‌టీఎంఎల్‌, జావాస్క్రిప్ట్‌ వస్తే సరిపోతుంది.

మామూలు ల్యాప్‌టాప్‌ ఉన్నవారు ఈ టెస్టులతోనే మొదలుపెట్టడం మేలు. క్రోమియం కోడ్‌ దించుకుని బిల్డ్‌ చేయాలంటే కనీసం 100 జీబీ ఖాళీ స్థలం కావాలి.

ఇంటర్వ్యూలో ఏం చూపించొచ్చు?

ఒక్క ఫిక్స్‌తో ఉద్యోగం వచ్చేస్తుందని కాదు. అయితే మీరు రాసిన బగ్‌ రిపోర్ట్‌, టెస్ట్‌, కోడ్‌.. వాటిపై సీనియర్లు పెట్టిన రివ్యూ కామెంట్లు అన్నీ సాధారణంగా పబ్లిక్‌గానే ఉంటాయి. ‘సి ప్లస్‌ ప్లస్‌ వచ్చు’ అని రాయడం కంటే ఆ లింకు ఇవ్వడం నయం. మొదటి ప్యాచ్‌ను వెనక్కి పంపితే నిరాశపడొద్దు. సూచనలు చదివి, మార్చి మళ్లీ పంపండి. ఆఫీసులో రోజూ చేయాల్సిన పనీ అదే. ఈ వారాంతం ఓ టెక్స్ట్‌ బాక్సు తెరిచి, మీ పేరు తెలుగులో టైప్‌ చేసి, బ్యాక్‌స్పేస్‌ నొక్కి చూడండి!